పాత స్వెట్టరు విప్పితే పసిబిడ్డకు టోపీ
(చేతిపనుల పుట)



వానలు వెనకపట్టి తెల్లవారుజామున మంచు పడే రోజులు వచ్చేశాయి. పాడేరు, అరకు వైపూ, ఆదిలాబాదు వైపూ ఇప్పటికే దుప్పట్లు బయటికి తీసి ఉంటారు. మన స్త్రీల సమాజాలలో ఊలు సంచులు బయటపడేదీ ఈ నెలల్లోనే. ఊలు సంచి తీయగానే మొదలయ్యే గోడు కూడా మనందరికీ ఒకటే. దారం సగంలో అయిపోయిందనీ, అదే రంగు మళ్ళీ దొరకలేదనీ, పుస్తకంలో ఉన్నట్టే అల్లినా టోపీ బిడ్డ తలకు పట్టలేదనీ, ఎక్కడో ఒక కుట్టు జారి కింద దాకా నిచ్చెన పడిందనీ. అన్నిటికంటే ఎక్కువగా వినిపించేది మాత్రం "ఊలు ధర పెట్టి కొనలేకపోతున్నాం" అన్న మాట.

ఈ నెల ఆ చిక్కులన్నీ ఒక్కొక్కటిగా విప్పుకుందాం. చివర పుట్టిన బిడ్డకు సరిపోయే టోపీ కొలత ఇస్తాను. పసిబిడ్డకు అల్లేవారు తప్పక తెలుసుకోవలసిన నాలుగు జాగ్రత్తలు కూడా ఉన్నాయి. మిగతాది చదివే తీరిక లేకపోయినా ఆ భాగం మాత్రం చదవండి.

దారం కొనకుండా దారం

పెట్టె అడుగున పిల్లలకు పొట్టి అయిపోయిన స్వెట్టరు ఒకటి ఉండే ఉంటుంది. దాన్ని పారేయవద్దు. అయితే ప్రతి స్వెట్టరూ విప్పడానికి పనికిరాదు. ముందు లోపలివైపు తిప్పి పక్క కుట్లు చూడండి. అంచులు కత్తిరించి, మిషను మీద గొలుసులా దట్టంగా ఓవర్‌లాక్ కుట్టి ఉంటే అది గుడ్డలాగా కోసి కుట్టినది. దాన్ని విప్పితే వరుసకొక తుండు చొప్పున ముక్కలే వస్తాయి. అంచులు కోయకుండా, ముక్కలు పక్కపక్కన పెట్టి సూదితో కలిపినట్టుంటే అది విప్పదగినది.

కలిపిన దారాన్ని మాత్రం చిన్న కత్తెరతో జాగ్రత్తగా తెంచి వీపు, రొమ్ము, చేతులు విడదీయండి. తరువాత అల్లిక ముగించిన వైపు నుండి, అంటే మెడ, భుజాల వైపు నుండి విప్పాలి. మొదలుపెట్టిన అంచు నుండి విప్పబోతే దారం సాఫీగా రాదు, ప్రతి కుట్టుకూ చిక్కుపడుతుంది. చాలామంది ఇక్కడే విసిగి వదిలేస్తారు.

విప్పిన దారం ఉంగరాలు తిరిగి ఉంటుంది. దాన్ని అలాగే అల్లితే కుట్లు ఎగుడుదిగుడుగా వస్తాయి. అందుకని కుర్చీ వీపుకు చుట్టి చిలపలా తీసి, నాలుగు చోట్ల వేరే దారంతో వదులుగా కట్టండి. గోరువెచ్చని నీళ్ళలో కొంచెం సబ్బుపొడి వేసి నానబెట్టి, నలపకుండా జాడించి, నీడన వేలాడదీయండి. చిలప కిందికొసకు నీళ్ళు పోసిన చిన్న సీసా ఒకటి కడితే ఆ బరువుకు ఉంగరాలు చాలావరకు సాగిపోతాయి. పూర్తిగా ఆరిన తరువాత ఉండ చుట్టండి. బిగించి చుట్టవద్దు. సాగిన దారంతో అల్లిన బట్ట ఉతికిన తరువాత ముడుచుకుంటుంది.

మోచేతుల దగ్గర అరిగిన దారాన్ని తీసివేయండి. వీపు ముక్కలోని దారం సాధారణంగా గట్టిగా ఉంటుంది. పెద్దవారి స్వెట్టరు వీపు ఒక్కటి విప్పినా పసిబిడ్డ టోపీలు రెండు మూడు వస్తాయి.

కొత్త దారం కొనేవారికి ఒక్క మాట. చీటీ మీద రంగు సంఖ్యతో పాటు లాటు సంఖ్య కూడా ఉంటుంది. ఒకే రంగైనా వేరు వేరు లాట్లలో అద్దకం కొంచెం తేడాగా ఉంటుంది. కొట్లో దీపం వెలుగులో కనిపించదు, ఎండలోకి వచ్చాక వీపు మీద గీత పడినట్టు తెలుస్తుంది. కావలసినదంతా ఒకేసారి, ఒకే లాటులో కొనండి. అప్పటికే రెండు లాట్లు వచ్చి ఉంటే రెండు వరుసలు ఒక ఉండ నుండీ, రెండు వరుసలు ఇంకొక ఉండ నుండీ మార్చి మార్చి అల్లితే తేడా కలిసిపోతుంది.

పుస్తకం చెప్పినట్టే అల్లినా ఎందుకు బిగిసింది?

తప్పు పుస్తకానిది కాదు, మీదీ కాదు. ఒకరి చేయి బిగువు, ఒకరి చేయి వదులు. లెక్క వేసి చూద్దాం. పుస్తకం రాసినవారికి 10 సెంటీమీటర్లకు 22 కుట్లు వస్తాయనుకోండి. 36 సెంటీమీటర్ల చుట్టుకొలతకు వారు 80 కుట్లు వేయమంటారు. మీ చేతికి అదే దారం, అదే సూదితో 10 సెంటీమీటర్లకు 26 కుట్లు వస్తే, ఆ 80 కుట్లకు మీకు వచ్చేది 31 సెంటీమీటర్ల లోపే. అయిదు సెంటీమీటర్ల తేడా! టోపీ తలకెలా పడుతుంది?

అందుకని పని మొదలుపెట్టకముందు 30 కుట్లు వేసి, అరచేయి అంత ముక్క అల్లి, తడిపి ఆరబెట్టి, నడిమధ్యన స్కేలు పెట్టి 10 సెంటీమీటర్లలో కుట్లు లెక్కపెట్టండి. ఎక్కువ కుట్లు వస్తే లావు సూది, తక్కువ వస్తే సన్న సూది తీసుకోండి. మన కొట్లలో దొరికే సూదుల నంబర్లలో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8 నంబరు సూది 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25 మిల్లీమీటర్లు, 12 నంబరు 2.75 మిల్లీమీటర్లు. ఈ ముక్క అల్లడం వృథా అనుకోవద్దు. చూసుకున్నాక విప్పి ఆ దారమే వాడుకోవచ్చు.

మెడ దగ్గరా అంచుల దగ్గరా బిగిసిపోతుందని కొందరి బాధ. కుట్లు ఎక్కించేటప్పుడు రెండు సూదులు కలిపి పట్టుకొని వాటి మీద ఎక్కించి, తరువాత ఒక సూది లాగేయండి. ముగించేటప్పుడు కుడిచేతిలోకి ఒక సైజు లావు సూది తీసుకోండి. అంచు వదులుగా వస్తుంది.

ఇంట్లో దొరికేవాటితో

సూదులు: సైకిలు చువ్వలతో అల్లిన పెద్దమ్మలు మన ఊళ్ళలో ఉన్నారు. మామూలు సైకిలు చువ్వ 2 మిల్లీమీటర్ల లావు ఉంటుంది, అంటే 14 నంబరు సూదితో సమానం. సన్న దారంతో మేజోళ్ళకు, బోర్డర్లకు పనికొస్తుంది, లావు దారానికి పనికిరాదు. వంపు కొసనూ మరలున్న కొసనూ కోయించి, మొనలను గరుకు కాగితం మీద నున్నగా అరగదీయండి. మొన వేలికి గుచ్చుకోకూడదు, దారం పోగు చీల్చకూడదు. రెండో కొసకు మందు సీసా రబ్బరు మూత గుచ్చితే కుట్లు జారవు. వెదురు పుల్లలు కూడా ఇలాగే చెక్కుకోవచ్చు. కోస్తా ఉక్కపోతలో చెమట చేతికి లోహపు సూది అంటుకుంటుంది కనుక వెదురే హాయి.

వరుసల లెక్క: రెండు గిన్నెలు పెట్టుకోండి. వరుస అయినప్పుడల్లా ఒక చింతగింజ ఈ గిన్నెలో నుండి ఆ గిన్నెలో వేయండి. మధ్యలో పొయ్యి మీద పాలు పొంగినా, గేదె అరిచినా లెక్క పోదు. పది వరుసలకొకసారి అంచున రంగుదారం ముడి వేస్తే ఇంకా మంచిది.

దారపు ఉండ: మంచం కిందికి దొర్లి దుమ్ము, కోడి ఈకలు అంటించుకోకుండా లోతైన చెంబులో వేసి కొస పైకి తీయండి.

జారిన కుట్టు: కంగారుపడి లాగవద్దు, లాగితే ఇంకా దిగుతుంది. జారిన కుట్టులో వెంటనే పిన్నీసు గుచ్చి ఆపండి. తరువాత లేసు అల్లే కొక్కెపు సూదితో ఒక్కొక్క మెట్టు దారాన్నీ కుట్టులో నుండి లాగుతూ పైకి తెచ్చి సూదికి ఎక్కించండి. కష్టమైన పువ్వు డిజైను మొదలుపెట్టే ముందు, ఆ వరుస కుట్లన్నిటిలో నుండి సన్నని కుట్టుదారం ఒకటి దూర్చి ఉంచండి. పైన ఎక్కడ తప్పు వచ్చినా ఆ దారం దాకా ధైర్యంగా విప్పవచ్చు, అంతకంటే కిందికి పోదు.

ఇది ఊలేనా?

మన కొట్లలో "ఊలు" అని అమ్మేదానిలో చాలా భాగం యాక్రిలిక్ దారం. చవక, తేలికగా ఉతుక్కోవచ్చు, చిమట కొట్టదు. దానిలో తప్పేమీ లేదు. కానీ ఏది ఏదో తెలియాలి. జానెడు దారాన్ని పట్టకారుతో పట్టుకొని, స్టీలు పళ్ళెం మీద, పక్కన నీళ్ళు పెట్టుకొని అంటించి చూడండి. గొర్రె ఊలైతే నెమ్మదిగా కాలి, మంట తీయగానే ఆరిపోతుంది, వెంట్రుకలు కాలిన వాసన వస్తుంది, బూడిద వేళ్ళ మధ్య నలిగిపోతుంది. యాక్రిలిక్ అయితే కరిగి మండుతుంది, చివర గట్టి నల్లపూస మిగులుతుంది. రెండూ కలిపిన దారమైతే రెండు గుర్తులూ కనిపిస్తాయి.

దీనిని బట్టి ఉతుకు. ఊలును వేడినీళ్ళలో వేసి రుద్దితే దాని పోగుల మీది పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని బట్ట ముడుచుకుపోతుంది. ఆ తరువాత ఎంత సాగదీసినా తిరిగి రాదు. యాక్రిలిక్ ముడుచుకోదు గానీ వేడి ఇస్త్రీ తగిలితే చప్పబడిపోతుంది.

ఉతుకు కంటే ముఖ్యమైనది మంట. చలికాలం పొద్దున్నే వాకిట్లో చలిమంట వేసుకొని పిల్లలూ పెద్దలూ చుట్టూ కూర్చుంటారు. యాక్రిలిక్ స్వెట్టరు మీద నిప్పురవ్వ పడి అంటుకుంటే అది కరిగి చర్మానికి అతుక్కుంటుంది. పైన వేలాడే శాలువా కొసలు, పొడవాటి మఫ్లర్లు మరీ ప్రమాదం. మంట దగ్గర కూర్చునే పిల్లలకు కొసలు వేలాడని, ఒంటికి పట్టి ఉండే స్వెట్టర్లే అల్లండి. మఫ్లరు తీసి పక్కన పెట్టించండి.

పసిబిడ్డకు అల్లేటప్పుడు

పుట్టిన బిడ్డకు ఒంటితో పోలిస్తే తల పెద్దది. తల తెరిచి ఉంటే ఒంటి వేడి అక్కడి నుండి చాలా పోతుంది. రెండున్నర కిలోల కంటే తక్కువ బరువుతో పుట్టిన బిడ్డలు ఆ చలికి తట్టుకోలేరు. 1978లో దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశంలో, బొగోటా నగరంలో ఎడ్గార్ రే అనే వైద్యుడు, వెచ్చటి పెట్టెలు చాలక, బిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి కట్టే పద్ధతి మొదలుపెట్టారు. దానినే ఇప్పుడు మన ఆసుపత్రులలో కూడా కంగారూ పద్ధతి అంటున్నారు. ఆ పద్ధతిలో బిడ్డ ఒంటి మీద ఉండేవి లంగోటా, మేజోళ్ళు, ఒక టోపీ మాత్రమే. మనం అల్లే 25 గ్రాముల టోపీ ఎంత పనిచేస్తుందో చూడండి.

అదే టోపీ జాగ్రత్త లేకపోతే చేటు కూడా చేస్తుంది. ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

మొదటిది, లోపలి దారాలు. మేజోడు లోపల వదులుగా ఉన్న పోగు బిడ్డ కాలివేలికి చుట్టుకుంటే, బిడ్డ కదిలినకొద్దీ బిగిసి రక్తం ఆడకుండా చేస్తుంది. వేలు వాచి ఎర్రబడుతుంది, ఆలస్యమైతే వేలికే ప్రమాదం. కనుక కొసలన్నీ సూదితో అల్లికలోకి దూర్చి పూర్తిగా దాచండి. మిగులు రంగులతో బొమ్మలు అల్లితే లోపలివైపు పొడవు దారాలు వేలాడతాయి. పసిబిడ్డకు బొమ్మలు వద్దు, అడ్డచారలు చాలు. వేసే ప్రతిసారీ మేజోడు తిరగేసి చూడమని తల్లికి చెప్పండి. పాలు తాగినా, ఎత్తుకున్నా బిడ్డ ఏడుపు ఆపకపోతే మేజోళ్ళు విప్పి వేళ్ళు చూడమనండి. వేలికి దారం బిగిసి కనిపిస్తే, వాచి ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

రెండవది, కట్టే తాళ్ళు, గుండీలు, ఊలు బంతులు. గడ్డం కింద కట్టే తాడు మెడకు పడవచ్చు. గుండీ ఊడితే నోట్లోకి పోతుంది. తాడు లేకుండా నిలిచే టోపీయే క్షేమం.

మూడవది, కలరా ఉండలు. కొన్నిచోట్ల నాఫ్తలీన్ ఉండలను ఆ పేరుతోనే పిలుస్తారు. చిమట కొట్టకుండా పెట్టెలో వేస్తాం. కానీ కొందరు బిడ్డలకు పుట్టుకతోనే రక్తకణాలలో జి-6-పి-డి అనే పదార్థం తక్కువ ఉంటుంది. పైకి చూస్తే ఏ తేడా తెలియదు. అలాంటి బిడ్డకు నాఫ్తలీన్ మధ్య దాచిన బట్టలు వేస్తే, ఆ ఆవిరికి ఎర్రకణాలు విరిగి కామెర్లు ముదురుతాయి, ప్రాణం మీదికి రావచ్చు. అందుకని బిడ్డ బట్టల పెట్టెలో ఆ ఉండలు వేయనే వద్దు. ఎండలో బాగా ఆరబెట్టి, శుభ్రంగా ఉతికి, మూత గట్టిగా పడే డబ్బాలో దాచండి. యాక్రిలిక్ అయితే చిమట భయమే లేదు.

నాలుగవది, మితిమీరిన వేడి. నెలలు నిండి పుట్టి ఆరోగ్యంగా ఉన్న బిడ్డను ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు టోపీ తీసేయడం మంచిది. నిద్రలో అది ముక్కు మీదికి జారవచ్చు, ఒళ్ళు వేడెక్కవచ్చు. మెడ వెనక చేయి పెట్టి చూడండి, చెమట పట్టి ఉంటే ఒక పొర తగ్గించండి. తక్కువ బరువు బిడ్డ విషయంలో మాత్రం డాక్టరుగారు, నర్సమ్మ చెప్పినట్టు నడుచుకోవాలి.

టోపీ కొలత

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 34, 35 సెంటీమీటర్లు. ఈ టోపీ దానికంటే కొంచెం తక్కువ అల్లితే సాగి పట్టి ఉంటుంది. 10 సెంటీమీటర్లకు 22 కుట్లు రావాలి. 8 నంబరు సూదులు, మెత్తని దారం 25 గ్రాములు చాలు. సూదికి ఎదురుగా కనిపించే నున్నని కుట్టును సీదా అనీ, గుబ్బలా కనిపించేదాన్ని ఉల్టా అనీ రాస్తున్నాను. నిట్, పర్ల్ అని నేర్చుకున్నవారు అలాగే చదువుకోండి.

72 కుట్లు వదులుగా ఎక్కించండి. రెండు సీదా, రెండు ఉల్టా చొప్పున 6 వరుసలు బోర్డరు అల్లండి. తరువాత ఒక వరుస సీదా, ఒక వరుస ఉల్టాగా మొదటి నుండి కొలిస్తే 10 సెంటీమీటర్లు వచ్చేవరకు అల్లి, ఉల్టా వరుసతో ఆపండి.

ఇక తగ్గింపు. 6 సీదా, తరువాత 2 కుట్లు కలిపి ఒకటిగా, ఇలా వరుసంతా. 63 కుట్లు మిగులుతాయి. తిరుగు వరుస ఉల్టా. తరువాతి సీదా వరుసలో 5 సీదా, 2 కలిపి: 54 కుట్లు. ఇలాగే ప్రతి సీదా వరుసలోనూ మధ్య కుట్లు ఒకటి చొప్పున తగ్గిస్తూ పోతే 45, 36, 27, 18 మిగులుతాయి. చివరి సీదా వరుసలో రెండేసి కుట్లు కలుపుకుంటూ పోతే 9 కుట్లు. పక్కలు కలపడానికి చాలినంత దారం వదిలి తెంచి, సూదితో ఆ 9 కుట్లలో నుండి దూర్చి బిగించి, అదే దారంతో పక్కలు కలపండి. కలిపిన చోట గట్టు లేకుండా చదునుగా ఉండాలి. లెక్క ఎక్కడైనా తప్పితే ఆ వరుసలోనే చూసుకోండి, పైకి పోనివ్వకండి.

"ఊసుపోక అల్లుకుంటున్నారు"

ఈ మాట విననివారు మనలో లేరు. ఇంటి అవసరానికి, బంధువుల బిడ్డకు అల్లితే అది ప్రేమ పని, దానికి లెక్క అక్కరలేదు. కానీ డబ్బిస్తామని అల్లించుకుని, ఇచ్చేటప్పుడు "తీరికలో చేసినదే కదా" అని బేరమాడేవారు ఉన్నారు.

ఇది కొత్త సంగతి కాదు. పశ్చిమ గోదావరి జిల్లా నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లిక 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చింది. అక్కడి ఆడవాళ్ళ చేతి లేసు సముద్రాలు దాటి విదేశాలకు పోయింది. మరియా మీస్ అనే జర్మను పరిశోధకురాలు అక్కడికి వచ్చి చూసి, 1982లో వారి మీద ఒక పుస్తకం ప్రచురించారు. రోజుకు ఎన్నో గంటలు లేసు అల్లే ఆ తల్లులను అందరూ ఇంట్లో ఖాళీగా కూర్చున్నవారుగానే లెక్కవేస్తున్నారనీ, ఆ లెక్క వల్లనే కూలి అంత తక్కువగా ఉందనీ ఆమె చూపించారు. 2024లో నర్సాపురం లేసుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరుకు గౌరవం దక్కింది. చేతికి దక్కవలసినది కూడా దక్కాలి.

అందుకని డబ్బుకు అల్లే అక్కలు ఒక చిన్న నోటుపుస్తకం పెట్టుకోండి. ఎన్ని గ్రాముల దారం, దాని ధర ఎంత, ఎన్ని గంటలు కూర్చున్నారు అన్నది ప్రతిదానికీ రాయండి. ధర చెప్పేటప్పుడు దారం ధర వేరుగా, చేతి కూలి వేరుగా పని మొదలుపెట్టకముందే చెప్పండి. దారం ధర ముందుగా తీసుకోండి. లెక్క కాగితం మీద ఉంటే మాట మొహమాటానికి లొంగదు.

కళ్ళు, నడుము కూడా చూసుకోవాలి. నల్లదారం దీపం వెలుగులో అల్లవద్దు, పగటి పూటకు ఉంచండి. అరగంటకొకసారి లేచి చేతులు విదిలించి నాలుగు అడుగులు వేయండి. వేళ్ళు తిమ్మిరెక్కుతుంటే అల్లిక ఆపి చూపించుకోండి.

వచ్చే నెల మేజోడు మడమ తిప్పడం చూద్దాం. మీకు తెలిసిన పొదుపు ఉపాయం ఏదైనా ఉంటే ఒక కార్డు ముక్క రాయండి, మిగతా అక్కచెల్లెళ్ళకూ పనికొస్తుంది. ఈలోగా ఆ పాత స్వెట్టరు తీసి, పక్క కుట్లు ఎలా ఉన్నాయో ఒకసారి తిరగేసి చూడండి.